చట్టంలో లేనిది, చావిడిలో ఉన్నది
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వలస పాలకులు తమ యుద్ధాలకు మనుషులను బలవంతంగా పట్టుకుపోయిన సంగతి అది. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ నాలుగింటికే చోటిస్తున్నాము.

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన భారత సైనికులందరూ ఇష్టపడి చేరినవారేనని బడిలో చదువుకున్నాను, ముప్పై ఏళ్లు పిల్లలకు అదే చెప్పాను. కాదు, పట్టుకుపోయారని మా నాన్నగారు అంటుండేవారు. ఏది నిజం?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

సమాధానం: మీరు చెప్పిన పాఠమూ తప్పు కాదు, మీ నాన్నగారి మాటా తప్పు కాదు. ఆ పాఠం చట్టాన్ని చూసి రాసినది, ఆయన మాట ఊళ్లలో జరిగిన దాన్ని బట్టి వచ్చినది.

ముందు చట్టం సంగతి. భారతీయులను నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశంలో ఎన్నడూ చేయలేదు. ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. 1917లో వచ్చిన ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం నిర్బంధ సేవను తెచ్చిన మాట నిజమే కానీ, ఆ నిర్బంధం ఇక్కడ నివసించే యూరోపియన్ బ్రిటిష్ ప్రజలకే వర్తించింది. భారతీయులు కావాలంటే స్వచ్ఛందంగా చేరవచ్చునని అందులో రాశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో, మళ్లీ ఇటువంటి చట్టమే యూరోపియన్ల కోసం వచ్చింది. అంటే కాగితం మీద చూస్తే నిర్బంధం దొరలకు, స్వేచ్ఛ మనకు. ఇంత ఔదార్యం ఎందుకంటే, చట్టం చేస్తే దేశం భగ్గుమంటుందన్న భయం ఒక కారణమైతే, చట్టం లేకుండానే మనుషులను రాబట్టే యంత్రాంగం చేతిలో ఉండడం మరో కారణం.

ఆ యంత్రాంగాన్ని చూడాలంటే పంజాబుకు వెళ్లాలి. యుద్ధం మొదలైన కొత్తలో రిక్రూటింగు అధికారులు ఒక్కో కులానికి, తెగకు ఒక్కొక్కరు చొప్పున తిరిగి, తమకు నచ్చిన వారిని ఎంచుకునేవారు. 1917 నాటికి మెసపటేమియా (నేటి ఇరాక్) లోను, ఇతర రంగాల్లోను జరిగిన నష్టాలకు ఈ పద్ధతి చాలలేదు. అప్పుడు ఆ పనిని సివిల్ పరిపాలనకు అప్పగించారు. జిల్లాకు ఇంతమంది అని లెక్క వేసి డిప్యూటీ కమిషనరుకు చెప్పారు. ఆయన తహసీల్దారుకు, తహసీల్దారు కొన్ని ఊళ్లకు పెద్ద అయిన జైల్దారుకు, జైల్దారు ఊరి లంబర్దారుకు చెప్పారు. లంబర్దారు అంటే మన పాత మునసబు వంటివాడు. ఊరి శిస్తు వసూలు చేసి ఖజానాకు కట్టేవాడు అతడే, కాలువ నీటి వంతుల తగాదాలో అధికారి ముందు నోరు విప్పేవాడూ అతడే, ఫలానావాడు మంచివాడో కాదో పోలీసులకు చెప్పేవాడూ అతడే.

ఇటువంటివాడు ఒక రైతు గుమ్మం ముందు నిలబడి, ‘నీకు ముగ్గురు కొడుకులు కదా, ఒకడిని ఇవ్వు’ అన్నాడనుకోండి. చేతిలో తుపాకీ లేదు, వారంటు లేదు. కానీ కాదన్న రైతు చేలోకి వచ్చే నెల నీళ్లు రాకపోవచ్చు. ఆదాయపు పన్ను జాబితాలో అతని పేరు కొత్తగా ఎక్కవచ్చు. సత్ప్రవర్తనకు జామీను కట్టమని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 107, 110 సెక్షన్ల కింద నోటీసు రావచ్చు. జామీను కట్టలేకపోతే జైలు, లేదంటే పటాలం. మనిషిని ఇవ్వలేని ఊళ్లు చందాలు వేసుకుని, బయటి నుంచి ఒక మనిషిని డబ్బిచ్చి కొనుక్కుని, తమ లెక్కలో చూపిన సందర్భాలు ఉన్నాయి. లంబర్దారు తలమీదా కత్తి ఉంది. లెక్క తగ్గితే అతని పదవి పోతుంది, లెక్క మించితే బిరుదులు, సనదులు, భూములు. పంజాబులో కాలువలు తవ్వి కొత్తగా సాగులోకి తెచ్చిన ‘కాలువ కాలనీ’ల్లో దాదాపు 1,80,000 ఎకరాలను సైనికులకు ప్రతిఫలంగా కేటాయించి పెట్టారంటే, ఆశ చూపడం ఎంత పెద్ద ఎత్తున జరిగిందో ఊహించుకోవచ్చు.

1918 ఏప్రిల్‌లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఢిల్లీలో యుద్ధ మహాసభ జరిపిన తరువాత ఈ ఒత్తిడి తారస్థాయికి చేరింది. దేశం మొత్తం మీద ఇంకా 5,00,000 మంది కావాలన్నారు, అందులో 2,00,000 పంజాబు వాటా. ఆ రాష్ట్రపు లెఫ్టినెంట్ గవర్నరు మైకేల్ ఓడ్వయర్, స్వచ్ఛందంగా వస్తే సరే, లేకుంటే నిర్బంధంగానైనా అన్న ధోరణిలో లాహోరులో మాట్లాడాడు. అదే సంవత్సరం షాపూర్ జిల్లాలో మనుషులను సేకరించడానికి వెళ్లిన ఒక తహసీల్దారును గ్రామస్థులు చంపివేశారు. యుద్ధకాలంలో భారతదేశమంతటా చేరిన సుమారు 6,80,000 మంది పోరాట సైనికులలో 3,60,000 మంది, అంటే సగానికి పైగా, జనాభాలో పదో వంతు కూడా లేని ఆ ఒక్క రాష్ట్రం నుంచే వెళ్లారు.

ఇవన్నీ గాలి మాటలు కావు. జలియన్‌వాలా బాగ్ తరువాత గాంధీ, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ త్యాబ్జీ, జయకర్ సభ్యులుగా కాంగ్రెస్ వేసిన విచారణ సంఘం 1920లో ఇచ్చిన నివేదికలో కాల్పుల కథతో పాటు ఈ రిక్రూటింగు కథకూ చోటు దొరికింది. వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడిగా పనిచేసిన శంకరన్ నాయర్ తన పుస్తకంలో ఓడ్వయర్ పాలనను తప్పుపట్టినందుకు లండనులో పరువు నష్టం దావా ఎదుర్కొన్నప్పుడు, 1924లో, ఈ బలవంతపు చేరికల సంగతి కోర్టులో మళ్లీ చర్చకు వచ్చింది. నాయర్ ఓడిపోయారు. జూరీలో పదకొండు మంది ఒకవైపు ఉంటే, రాజనీతి పండితుడు హెరాల్డ్ లాస్కీ ఒక్కరే ఆయన పక్షాన నిలిచారు.

అలాగని వెళ్లినవారందరినీ మెడపట్టి తీసుకుపోయారనడమూ సరికాదు. నెలకు 11 రూపాయల జీతం, 1917 నుంచి ఉచిత భోజనం, చేరగానే 50 రూపాయలు, తాత తండ్రుల నుంచి వస్తున్న పటాలపు గౌరవం – ఇవి చాలామందిని నిజంగానే రప్పించాయి. కరువు ఏడాదిలో 50 రూపాయల కోసం చేరినవాడిని ‘ఇష్టపడి చేరినవాడు’ అనాలా అన్నది వేరే ప్రశ్న. ఒత్తిడి లేనిచోట జనం ఎలా స్పందించారో గాంధీజీ అనుభవమే చెబుతుంది. 1918 వేసవిలో ఆయన ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని కోరారు. శిస్తు సత్యాగ్రహం రోజుల్లో ఊరికే బండ్లు కట్టి తిప్పిన రైతులు, ఇప్పుడు అద్దెకు అడిగినా బండి ఇవ్వలేదు.

ఇంకొక మాట. బలవంతం అన్నిటికన్నా మొరటుగా సాగింది సైనికుల విషయంలో కాదు, కూలీ దళాల విషయంలో. ఫ్రాన్సులో బరువులు మోయడానికి, రోడ్లు వేయడానికి కూలీలను పంపమన్నప్పుడు 1917లో మయూర్‌భంజ్‌లో సంతాలులు తిరగబడ్డారు; మణిపూరు కొండల్లో కుకీ నాయకులు మనుషులను ఇచ్చేది లేదని చెప్పడంతో మొదలైన పోరు 1919 దాకా సాగింది. మన పాఠ్యపుస్తకాల్లో వీరికి ఒక్క వాక్యం కూడా దక్కదు. మీవంటివారు తరగతి గదిలోనైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పటికీ మించిపోలేదు, మనవలు ఉంటారు కదా.

ప్రశ్న: మన తెలుగువాళ్లను కూడా ఇలా బలవంతంగా తీసుకుపోయారా? మా పక్క ఊరు మాధవరంలో ఇంటింటా సైనికులే.
– గృహిణి, తాడేపల్లిగూడెం

సమాధానం: పంజాబు కథను తెచ్చి తెలుగు జిల్లాలకు అతికించడం సరికాదమ్మా. మనవాళ్ల కథ దాదాపు తిరగేసి చదవాలి. ఈస్టిండియా కంపెనీ తొలి సిపాయిల్లో తెలుగువారు ఎంతమంది ఉండేవారంటే, ప్లాసీ రోజుల్లో మద్రాసు నుంచి బెంగాలుకు వెళ్లిన ఆ పటాలాలను చూసి ఉత్తరాదివారు సిపాయి అనే మాటకు బదులు ‘తిలంగా’ అనడం మొదలుపెట్టారు. ఏ దేశపువాడైనా సరే, కంపెనీ దుస్తులు వేసుకుంటే తిలంగాయే. అటువంటి తెలుగువారిని 19వ శతాబ్ది చివరికి ‘యుద్ధజాతులు’ కావని తేల్చి, సైన్యం గుమ్మం బయట నిలబెట్టారు. ఈ సిద్ధాంతానికి గట్టి ప్రచారకుడు అప్పటి భారత సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్. ఆయన అంతకుముందు మద్రాసు సైన్యానికే అధిపతిగా పనిచేసినవాడు. యుద్ధాలు వచ్చి మనుషులు చాలనప్పుడు ఆ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. మీరు చెప్పిన మాధవరం ‘మిలట్రీ మాధవరం’ అయింది అటువంటి రోజుల్లోనే. అక్కడ రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లినవారి జ్ఞాపకాన్ని ఊరే కాపాడుకుంటోంది, ఇష్టంగా చేరడం అక్కడ ఒక ఆనవాయితీ.

బలవంతం మాత్రం మనకు తెలియనిది కాదు, దాని పేరు వెట్టి. గూడెం ఏజెన్సీలో ఒక డిప్యూటీ తహసీల్దారు రోడ్డు పనికి గిరిజనులను తోలి, సరైన కూలి ఇవ్వకపోవడం 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. పంజాబులో తుపాకీ మోయడానికి మనుషులను రాబట్టిన పద్ధతీ, ఇక్కడ పలుగూ పారా పట్టడానికి రాబట్టిన పద్ధతీ ఒకే కచేరీలో పుట్టినవి.

ప్రశ్న: నా మిత్రుడొకరు పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఫ్రెంచివాళ్లు ఆఫ్రికాలో నిర్బంధ సైనిక సేవను చట్టంగానే చేశారని, తరువాత ఆ సైనికులనే కాల్చి చంపారని చెప్పాడు. యానాం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, ఫ్రెంచివాళ్లంటే స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని విన్నాను. ఇది నిజమేనా?
– ప్రైవేటు ఉద్యోగి, కాకినాడ

సమాధానం: నిజమే. బ్రిటిష్‌వారు కాగితం మీద రాయకుండా చేసినదాన్ని ఫ్రెంచివారు గెజెట్‌లో అచ్చువేసి చేశారు.

‘సెనెగల్ తుపాకీదళం’ అని పిలిచే పదాతి దళాన్ని 1857లో గవర్నరు ఫెదెర్బ్ ఏర్పాటు చేశాడు. పేరు సెనెగల్‌దే కానీ మనుషులు పశ్చిమాఫ్రికా అంతటి నుంచీ వచ్చేవారు. తొలినాళ్లలో చేరినవారిలో చాలామంది బానిసలు: ప్రభుత్వం యజమానికి సొమ్ము చెల్లించి బానిసను విడిపించేది, అందుకు బదులుగా అతడు పన్నెండు, పద్నాలుగేళ్లు పటాలంలో పనిచేయాలి. విముక్తి ఎంత ఖరీదైనదో చూడండి. 1910లో మాంజాన్ అనే సైనికాధికారి, ఫ్రాన్సులో జననాలు తగ్గిపోతున్నాయి కాబట్టి జర్మనీని ఎదుర్కోవడానికి ఆఫ్రికా మనుషులను వాడుకోవాలని వాదిస్తూ పుస్తకం రాశాడు. రెండేళ్లు తిరగకుండానే, 1912 ఫిబ్రవరి 7న, 20 నుంచి 28 ఏళ్ల మధ్యనున్న యువకులను నాలుగేళ్ల సేవకు నిర్బంధంగా తీసుకోవచ్చునన్న డిక్రీ వచ్చింది.

యుద్ధం రాగానే ఆ డిక్రీకి కోరలు మొలిచాయి. చూడడానికి ఇదంతా సక్రమంగా ఉంటుంది: ఫ్రెంచి అధికారి కచేరీ ముందు యువకులను వరుసగా నిలబెట్టేవారు, బట్టలు విప్పించి ఎత్తు కొలిచి, ఛాతీ కొలిచి, డాక్టరు చూసి, పనికివచ్చినవారి పేర్లు రాసుకునేవారు. అసలు కథ ఆ వరుస తయారైన తీరులో ఉంది. వంద మంది కావాలని అధికారి ఊరి పెద్దలకు చెబితే, ఏ పెద్దా తన కొడుకును పంపలేదు. బానిస కుటుంబాలవారిని, దిక్కులేనివారిని, బయటి నుంచి వచ్చి ఊళ్లో తలదాచుకున్నవారిని, కిట్టనివారి తమ్ముళ్లను తోలారు. రాత్రివేళ గుడిసెలను చుట్టుముట్టి తాళ్లతో కట్టి తెచ్చినవారూ ఉన్నారు, కొడుకు పారిపోతే వచ్చేదాకా తండ్రిని బందీగా ఉంచిన ఊళ్లూ ఉన్నాయి. వేలాది కుటుంబాలు సరిహద్దు దాటి బ్రిటిష్‌వారి గోల్డ్ కోస్టుకు (నేటి ఘనా), గాంబియాకు, పోర్చుగీసు గినీకి వెళ్లిపోయాయి. పనికిరాకుండా పోవాలని తమ వేళ్లు తామే నరుక్కున్నవారున్నారు.

పారిపోవడంతో ఆగలేదు. 1915 నవంబరులో, నేటి బుర్కినా ఫాసోలోని బోనా అనే గ్రామంలో, ఇక మనుషులను ఇచ్చేది లేదని పెద్దలు నిర్ణయించారు. అక్కడ అంటుకున్న తిరుగుబాటు వోల్టా, బానీ నదుల మధ్య ప్రాంతమంతా వ్యాపించింది. ఫ్రెంచి సైన్యం ఫిరంగులతో ఊళ్లకు ఊళ్లనే నేలమట్టం చేసి 1916లో గాని దాన్ని అణచలేకపోయింది. ఇక్కడ ఒక అధికారిని ప్రస్తావించకపోతే అన్యాయమవుతుంది. ఫ్రెంచి పశ్చిమాఫ్రికాకు గవర్నరు జనరల్‌గా వచ్చిన వాన్ వోలెన్‌హోవెన్, ఈ ప్రాంతం నుంచి ఇంకా మనుషులను పిండడం కుదరదని పారిస్‌కు స్పష్టంగా రాశాడు. ఆయన మాట వినకుండా ఫ్రాన్సు ప్రధాని క్లెమెన్సో 1918లో మళ్లీ రిక్రూటింగుకు ఆదేశించినప్పుడు రాజీనామా చేసి యుద్ధరంగానికి వెళ్లిపోయాడు, ఆ జులైలోనే చనిపోయాడు.

ఆ 1918 సేకరణ బాధ్యతను క్లెమెన్సో అప్పగించినది బ్లేజ్ డియాన్‌కు. 1914లో ఫ్రెంచి పార్లమెంటుకు ఎన్నికైన తొలి నల్లజాతి ఆఫ్రికన్ ఆయన. సెనెగల్‌లోని దకార్, సెన్‌లూయి, గోరే, రుఫిస్క్ అనే నాలుగు పట్టణాల ప్రజలకు సైనిక సేవతో ముడిపెట్టి పౌరసత్వాన్ని ఖాయం చేయించిన నాయకుడు కూడా ఆయనే. పతకాలు, పన్ను మినహాయింపులు, యుద్ధానంతరం ఉద్యోగాలు అని హామీలిచ్చి, 40,000 మందిని అడిగిన చోట 63,000 మందిని చేర్పించాడు. రక్తం ఇస్తే హక్కులు వస్తాయని ఆయన నిజంగానే నమ్మాడు. నాలుగు పట్టణాల విషయంలో అది నిజమైంది కూడా. పల్లెల నుంచి వెళ్లినవారి విషయంలో కాలేదు. ఆ యుద్ధంలో పశ్చిమాఫ్రికా నుంచి చేరినవారు 1,70,000 మందికి తక్కువ కాదు, మరణించినవారు 30,000 మంది దాకా ఉంటారు.

యుద్ధం అయిపోయినా నిర్బంధం పోలేదు. 1919 జులైలో వచ్చిన డిక్రీ శాంతికాలంలో కూడా మూడేళ్ల సేవను తప్పనిసరి చేసింది. ఏటా తీసుకునే మనుషుల్లో సైన్యానికి అక్కరలేనివారు మిగిలిపోతుంటే, 1926 నుంచి వారిని ‘రెండో భాగం’ అని పేరుపెట్టి, సైనిక క్రమశిక్షణ కింద రోడ్లు, రైలుమార్గాలు, నైజర్ నది కాలువల పనికి తోలారు. వలసల్లో వెట్టిచాకిరీని రద్దుచేస్తూ 1946లో చట్టం వచ్చిన తరువాత కూడా ఈ రెండో భాగం 1950 దాకా బతికింది. వీరు కూలీలు కారు, సైనికులు అన్నది అప్పటి సమర్థన.

ఇక మీ మిత్రుడు చెప్పిన కాల్పులు. దకార్ శివారులోని తియారోయ్ శిబిరంలో 1944 డిసెంబరు 1 తెల్లవారుజామున జరిగాయి. 1940లో ఫ్రాన్సు కోసం పోరాడి జర్మనులకు చిక్కి, నాలుగేళ్లు ఖైదులో గడిపి తిరిగివచ్చిన ఆఫ్రికన్ సైనికులు, తమకు రావలసిన బకాయి జీతాలు చేతికిచ్చి మరీ ఇళ్లకు పంపమన్నారు. వారి మీద ఫ్రెంచి సైన్యం కాల్పులు జరిపింది. అధికారికంగా చెప్పిన మృతులు 35 మంది. ఆ లెక్కను చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. బతికినవారిలో 34 మందికి తిరుగుబాటు నేరం కింద శిక్షలు పడ్డాయి. దాన్ని ఊచకోత అని ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ఒప్పుకున్నది 2024 నవంబరులో, అంటే ఎనభై ఏళ్ల తరువాత. వలసలు స్వతంత్రమవుతున్న రోజుల్లో, 1959లో, ఈ సైనికుల పింఛన్లను ఉన్నచోట ఆపేసే చట్టం ఒకటి తెచ్చారు. ఒకే కందకంలో పోరాడినా, ఫ్రెంచివాడి పింఛను ధరలతో పాటు పెరిగింది, ఆఫ్రికావాడిది అలాగే ఉండిపోయింది. 2006 తరువాత గాని ఆ తేడాను సరిదిద్దే పని గట్టిగా మొదలుకాలేదు.

స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం గురించి అడిగారు. ఆ మూడు మాటలనే నమ్మి పార్లమెంటుకు వెళ్లిన డియాన్ జీవితం మీ ప్రశ్నకు నా కన్నా బాగా సమాధానం చెబుతుంది, వీలైతే చదవండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా దారెస్సలాంలో ఉంటున్నాము. ఇక్కడ కూరగాయల నుంచి సెల్‌ఫోన్ల దాకా దొరికే పెద్ద బజారు పేరు కరియాకో. ఆ పేరు ఒక బ్రిటిష్ పటాలానిదని ఇంటి యజమాని అన్నారు. బజారుకు పటాలం పేరేమిటి?
– ఒక తెలుగు కుటుంబం, టాంజానియా

సమాధానం: మీ ఇంటి యజమాని చెప్పింది నిజమే. కాకపోతే అది తుపాకుల పటాలం కాదు. ‘కారియర్ కోర్’ (మోతగాళ్ల దళం) అన్న మాట స్వాహిలీ నోట్లో పడి కరియాకో అయింది. నైరోబీలోనూ ఇదే కథతో కరియోకోర్ అనే పేట ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పాఫ్రికాలో జర్మనులతో పోరాడేటప్పుడు బ్రిటిష్ సైన్యానికి రోడ్లు లేవు, త్సెత్సె ఈగ కుట్టి గుర్రాలు, గాడిదలు చచ్చిపోయేవి. గుండ్లు, బియ్యం, మందుపెట్టెలు, చివరికి ఫిరంగుల భాగాలు కూడా మనిషి తలమీదనే సాగాలి. అందుకని కెన్యాలో 1915లోనే మోతగాళ్లను నిర్బంధంగా తీసుకునే ఆర్డినెన్సు చేశారు, 1917లో ఊళ్లను గాలించి మరీ తెచ్చారు. ఇక్కడ మాత్రం బ్రిటిష్‌వారు కాగితాన్నే ముందు పెట్టారు.

ఆ మోతగాళ్లలో తుపాకీ గుండు తగిలి పోయినవారు తక్కువ. ఎక్కువమంది కడుపు జబ్బుతో పోయారు. అలవాటు లేని మొక్కజొన్న పిండిని ఇచ్చి, ఉడికించుకోవడానికి తగినంత వేళా కట్టెలూ ఇవ్వక, సగం ఉడికిన ఆ గంజితోనే రోజంతా నడిపించేవారు. రక్త విరేచనాలు పట్టుకుంటే దారి పక్కనే కూలబడేవారు. మరణించినవారు లెక్కకెక్కినంత వరకే 40,000 మందికి పైగా ఉన్నారు. లెక్కకెక్కనివారిని కలిపి చూసిన చరిత్రకారులు లక్ష దాకా చెబుతారు.

ఈసారి నగరం నడిబొడ్డుకు వెళ్లినప్పుడు 1927లో నిలబెట్టిన అస్కారీ (ఆఫ్రికన్ సైనికుడి) విగ్రహాన్ని చూడండి. బాయొనెట్ తగిలించిన తుపాకీతో ముందుకు వంగిన సైనికుడు కనిపిస్తాడు. మోతగాడి విగ్రహం అక్కడ లేదు. కింద పలక మీద మాత్రం, సైన్యానికి కాళ్లూ చేతులూ అయినవారని మోతగాళ్లను ఉద్దేశించి ఒక మాట చెక్కి ఉంటుంది. వారి శిబిరం ఉండిన నేల మీదనే మీరు కూరగాయలు కొంటున్న బజారు వెలిసింది.